సిఫారసు కాదు, సాక్ష్యం



బిజినెస్ స్కూలుకు దరఖాస్తు పెట్టుకునే యువతీ యువకులు సిఫారసు లేఖ కోసం ఎవరిని అడగాలి, ఎవరిని అడగకూడదు అన్నది ఈనాటి ప్రసంగ విషయం. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. కాని మంచి మార్కులు, నాలుగేళ్ళ అనుభవం ఉండి కూడా ఈ ఒక్క దగ్గర తడబడే పిల్లల్ని నేను మన సరిహద్దు ప్రాంతంలో చాలామందినే చూశాను. వాళ్ళకు తెలివి తక్కువై కాదు. ఆ మాట వినగానే మనకు తట్టే అర్థం వేరు, ఆ స్కూళ్ళు ఉద్దేశించిన అర్థం వేరు.

ఒకసారి ఆ మాటనే చూడండి. తెలుగులో సిఫారసు అంటాం. కన్నడంలో శిఫారసు అంటారు. ఉర్దూలో సిఫారిష్. బగ్దల్ బస్టాండులో నిలబడి ఏ భాషలో అన్నా పక్కవాడికి వెంటనే అర్థమవుతుంది. అర్థం ఏమిటి? ఒక పెద్దమనిషి చేత మన తరఫున ఒక మాట చెప్పించుకోవడం. బదిలీకి, హాస్టల్లో సీటుకు, అప్పు మంజూరుకు. అక్కడ చెప్పే మనిషి ఎంత పెద్దవాడైతే మాటకు అంత బరువు. ఎవరి కోసం చెబుతున్నాడో ఆ పిల్లవాడి ముఖం ఆయన ఎన్నడూ చూడకపోయినా పని జరిగిపోతుంది.

బిజినెస్ స్కూలు అడిగే లేఖ దీనికి సరిగ్గా తలకిందులు. అది న్యాయస్థానంలో సాక్ష్యం లాంటిది. బోనులో నిలబడిన సాక్షిని ఆయన హోదా చూసి నమ్మరు. "నువ్వు అక్కడ ఉన్నావా? కళ్ళారా చూశావా? ఏం చూశావు?" అని అడుగుతారు. ఈ లేఖ రాసేవారిని కూడా అవే మూడు ప్రశ్నలు అడుగుతారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఈ రోజు నేను చెప్పబోయే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

ముందుగా ఈ లేఖ ఎవరికి అవసరమో తెలుసుకుందాం. కర్ణాటకలో పి.జి.సి.ఇ.టి. రాసి, తెలంగాణలో ఐసెట్ రాసి ఎం.బి.ఏ.లో చేరేవారికి ఇది అక్కరలేదు. క్యాట్ పరీక్ష రాసి ఐ.ఐ.ఎం.ల రెండేళ్ళ కోర్సుకు వెళ్ళేవారికీ అక్కరలేదు. అక్కడ పరీక్ష మార్కులు, పాత చదువు, ఇంటర్వ్యూ ఇవే చూస్తారు. ఉద్యోగానుభవం ఉన్నవారిని తీసుకునే స్కూళ్ళ పద్ధతి వేరు. 2001లో తరగతులు మొదలుపెట్టిన హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ అలాంటిది. అనుభవజ్ఞుల కోసం నడిచే ఏడాది కోర్సుల్లో కొన్ని, అమెరికా, ఐరోపాల్లోని స్కూళ్ళు కూడా అలాంటివే. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ వంటివి రెండేసి లేఖలు అడుగుతాయి. కొన్ని స్కూళ్ళు ఒక్కదానితో సరిపెడతాయి. ఈ లెక్క స్కూలును బట్టి మారుతుంది కాబట్టి, మీరు దరఖాస్తు పెట్టే సంవత్సరపు ప్రకటన చూసుకోవడం తప్పనిసరి.

ఎందుకు అడుగుతారంటారా? మార్కులు పరీక్ష హాల్లో మూడు గంటలు మీరెలా ఉన్నారో చెబుతాయి. ఇంటర్వ్యూ అరగంట సేపు మీరెలా మాట్లాడారో చెబుతుంది. కాని పని మీద పడ్డప్పుడు, గడువు ముంచుకొచ్చినప్పుడు, తోటివాళ్ళతో మాట తేడా వచ్చినప్పుడు, తప్పు జరిగినప్పుడు మీరెలా ఉంటారు? అది మీ పక్కన ఉండి చూసినవాళ్ళే చెప్పగలరు.

ఇప్పుడు ఆ లేఖలో ఏం అడుగుతారో విందాం. ఇప్పుడు చాలా స్కూళ్ళు ఉమ్మడిగా ఒకే నమూనా ప్రశ్నలు వాడుతున్నాయి. మొదటిది, దరఖాస్తుదారు మీకు ఎలా తెలుసు, మీ సంస్థలో అతని పని ఏమిటి అన్నది. రెండవది, అదే స్థాయిలో పనిచేసే సమర్థులైన ఇతరులతో పోలిస్తే ఇతను ఎక్కడ నిలుస్తాడో ఉదాహరణలతో చెప్పమంటుంది. మూడవది అన్నిటికంటే గట్టిది. మీరు అతన్ని సరిదిద్దుతూ ఇచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి, ఏ సందర్భంలో ఇచ్చారు, దానికి అతను ఎలా స్పందించాడు అని అడుగుతుంది. వీటితోపాటు చొరవ, సంయమనం, పదిమందిని కలుపుకుపోయే గుణం వంటివాటికి ఒక పట్టికలో గుర్తులు పెట్టమంటారు.

ఈ మూడవ ప్రశ్నే మనకు గీటురాయి. మీ మనసులో ఉన్న పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, "ఈయన నన్ను ఎప్పుడైనా మందలించారా? ఆ తరువాత నేను మారడం చూశారా?" అని ప్రశ్నించుకోండి. లేదు అన్న చోట ఆ పేరు కొట్టేయండి. మనల్ని ఒక్కనాడూ సరిదిద్దనివాడు మనల్ని దగ్గరగా చూడలేదన్న మాట.

నా దగ్గర పదవ తరగతి వరకు చదివి, తరువాత ఇంజనీరింగు చేసి, ఒక కర్మాగారంలో షిఫ్టు చూసుకుంటున్న ఒక అబ్బాయి ఇలాగే కాగితం పట్టుకొని వచ్చాడు. అందులో నాలుగు పేర్లున్నాయి. ఒకరు మాజీ శాసనసభ్యులు. ఒకరు కళాశాల పాలకవర్గంలో పెద్ద. మూడవవారు హైదరాబాదులో పేరున్న డాక్టరు, వరసకు మేనమామ. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో, తన షిఫ్టు ఇంచార్జి పేరు. "ఈయన ఎవరు బాబూ?" అన్నాను. "ఆయన పెద్ద హోదా ఉన్న మనిషి కాదు సార్. డిప్లొమా చదివి పైకొచ్చిండు. మూడేండ్ల నుంచి ఆయన కిందనే చేస్తున్న" అన్నాడు. "నిన్ను ఎప్పుడైనా కోప్పడ్డారా?" అన్నాను. నవ్వి, ఒక రాత్రి యంత్రం ఆగిపోతే పైవాళ్ళకు చెప్పకుండా తానే బాగుచేయబోయి రెండు గంటలు ఆలస్యం చేసిన సంగతి చెప్పాడు. మరునాడు ఇంచార్జి గారు కూర్చోబెట్టి మాట్లాడారట. ఆ తరువాత ఇద్దరూ కలిసి, ఏ లోపానికి ఎవరికి ఎన్ని నిమిషాల్లో ఫోను చేయాలో ఒక పట్టీ రాసి గోడకు అంటించారట. ఇప్పుడు మూడు షిఫ్టులవాళ్ళూ దాన్నే చూస్తున్నారట.

శ్రోతలారా, మొదటి మూడు పేర్లవాళ్ళు ఎన్ని పేజీలు రాసినా ఆ గోడ మీది పట్టీ సంగతి రాయగలరా? "మంచి కుటుంబం, మంచి నడవడి, ఉజ్వల భవిష్యత్తు" అని రాస్తారు. అలాంటి లేఖలు ఆ స్కూళ్ళకు వేలల్లో వస్తాయి. చదివినవాడికి ఏ పిల్లవాడి ముఖమూ కనిపించదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఉండనే ఉంది కదా. స్టాన్‌ఫర్డ్ స్కూలువారైతే, రాసినవారి హోదా తమకు ముఖ్యం కాదని, లేఖలో ఏముందన్నదే ముఖ్యమని దరఖాస్తుదారులకు బాహాటంగానే చెబుతారు.

పనిని చదివిన కన్ను ఎంత విలువైనదో శ్రీనివాస రామానుజన్ జీవితం చెబుతుంది. డిగ్రీ లేని ఆ యువకుడు 1910లో చిన్న ఉద్యోగం కోసం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ దగ్గరకు వెళ్ళాడు. అయ్యర్ గణితం తెలిసినవారు. నోటు పుస్తకాలు తిరగేసి చూశారు. రెవెన్యూ శాఖలో గుమాస్తా పని ఇవ్వకుండా, మద్రాసులోని గణిత మిత్రులకు పరిచయ లేఖలు ఇచ్చి పంపారు. ఆ దారి అప్పట్లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు దాకా వెళ్ళింది. ఆయనకూ గణితంలో ప్రవేశం ఉంది. పదవులున్న పెద్దలు అప్పుడూ ఎందరో ఉన్నారు. పనికొచ్చింది మాత్రం ఆ నోటు పుస్తకాలు తెరిచి చదివినవారి మాట.

మరి ఎవరిని ఎన్నుకోవాలి? మొదటి స్థానం ఇప్పుడు మీ పనిని నేరుగా చూస్తున్న పై అధికారిది. ఆయన జహీరాబాదు ట్రాక్టర్ల కర్మాగారంలో షిఫ్టు ఇంజనీరు కావచ్చు, కొల్హార్ పారిశ్రామికవాడలో ప్రొడక్షన్ మేనేజరు కావచ్చు, హైదరాబాదులో టీమ్ లీడరు కావచ్చు, సహకార బ్యాంకు శాఖలో మేనేజరు కావచ్చు. రెండవ లేఖ అడిగితే, మీలో మరో కోణం చూసినవారిని ఎంచుకోండి. పాత ఉద్యోగంలోని అధికారి, వేరే విభాగంలో మీతో కలిసి పనిచేసిన పెద్ద, మీ సేవలు పొందిన ఖాతాదారు సంస్థలోని బాధ్యులు. రెండు లేఖలూ ఒకే సంగతి చెబితే రెండవది వృథా.

కొందరికి ఒక చిక్కు ఉంటుంది. చదువుకు వెళ్తానని ఇప్పుడే చెబితే జీతం పెరగదని, పదోన్నతి ఆగిపోతుందని భయం. అది ఉత్తుత్తి భయం కాదు. అలాంటప్పుడు పాత అధికారిని గాని, అదే సంస్థలో నమ్మకమైన మరో సీనియరును గాని అడగవచ్చు. కాని ప్రస్తుత అధికారిని ఎందుకు అడగలేదో దరఖాస్తులో రెండు వాక్యాల్లో చెప్పండి. చెప్పకపోతే చదివేవారికి ఆ ఖాళీ అనుమానంగా కనిపిస్తుంది.

సొంత వ్యాపారంలో ఉన్నవారి సంగతి వేరు. బీదరు గాంధీగంజ్‌లో తండ్రితో కలిసి అడ్తి దుకాణం నడిపే అబ్బాయికి పై అధికారి అంటే నాన్నగారే. తండ్రి లేఖ చెల్లదు. బాబాయిదీ చెల్లదు, ఇంటిపేరు వేరైనంత మాత్రాన మేనమామదీ చెల్లదు. అప్పుడు చూడవలసింది మీతో లావాదేవీ చేసిన బయటివారిని. మీ దగ్గర ఏళ్ళ తరబడి కందులు కొన్న పప్పు మిల్లు యజమాని, మీ లెక్కలు చూసే ఆడిటరు, మీ ఖాతా నడిపిన బ్యాంకు అధికారి. ధర పడిపోయిన ఏడాది మీరు మాట మీద నిలబడ్డారా లేదా అన్నది మీ తండ్రికంటే ఆ మిల్లు యజమానే బాగా చెప్పగలడు.

మరి కళాశాల అధ్యాపకులు? ఉద్యోగంలో మూడు నాలుగేళ్ళు గడిచాక వారి లేఖకు బలం తగ్గుతుంది. స్కూళ్ళు పని గురించి అడుగుతాయి, వారికి తెలిసింది తరగతి గది. అనుభవం చాలా తక్కువగా ఉన్నవారు మాత్రం ప్రాజెక్టు దగ్గరుండి చేయించిన అధ్యాపకుణ్ణి అడగవచ్చు. ఇక నాలాంటి బడిపంతుళ్ళను అడగకండి. మేము ఆశీర్వదించగలం, మీ ఆఫీసు సంగతి చెప్పలేం.

ఇంకొక సందేహం మన ప్రాంతంలో తరచుగా వినిపిస్తుంది. "మా సార్‌కు కన్నడం, ఉర్దూ బాగా వస్తాయి, ఇంగ్లీషు అంతంత మాత్రం. అందుకని ఇంగ్లీషు బాగా వచ్చిన ఇంకొకరిని అడగనా?" వద్దు. ఆ లేఖ ఇంగ్లీషు పరీక్ష కాదు. వాక్యం వంకరగా ఉన్నా సంగతి సూటిగా ఉంటే చాలు. మరీ కష్టమైతే ఆయన చెప్పిందాన్ని ఆయన ఆఫీసులోనే ఇంగ్లీషు వచ్చినవారు రాసిపెట్టవచ్చు. ఆ రాసేవారు మీరు కాకూడదు, మీ బంధుమిత్రులూ కాకూడదు. స్కూలు నియమం ఒకసారి చూసుకొని మరీ ఆ పని చేయాలి.

ఇక్కడికి మనం అసలు ప్రమాదం దగ్గరకు వచ్చాం. మన ఆఫీసుల్లో సాధారణంగా వినే మాట ఇది: "నాకు తీరిక లేదయ్యా. నువ్వే రాసుకురా, సంతకం పెడతాను." అనే ఆయనకు చెడు ఉద్దేశం ఉండదు, పైగా ప్రేమతోనే అంటాడు. కాని ఇది ప్రమాదకరమైన ప్రేమ. స్టాన్‌ఫర్డ్ వంటి స్కూళ్ళు, రాసేవారు కోరినా సరే దరఖాస్తుదారు తన లేఖ తానే రాయడం నియమభంగమని స్పష్టంగా ప్రకటించాయి. దరఖాస్తులోని మీ వ్యాసమూ ఆ లేఖా ఒకే చేతి రాత అని, మాటల తీరు చూసి రోజూ వందలు చదివేవారు పసిగడతారు. రాసినవారికి ఫోను చేసి రెండు ప్రశ్నలు అడిగితే చాలు, బండారం బయటపడుతుంది. సీటు వచ్చాక బయటపడినా సీటు పోతుంది.

ఒకరి ముద్ర, మరొకరి మాటలు కలిస్తే ఏమవుతుందో మన బీదరుకంటే బాగా తెలిసిన ఊరు ఉండదేమో. 1472లో ఇక్కడ మదరసా కట్టించిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్ స్వయంగా లేఖా రచనలో దిట్ట. ఆ కళ మీద పారశీకంలో గ్రంథం రాశాడు. ఆయన లేఖల సంకలనం కూడా ఉంది. అలాంటి మనిషిని ఒక దొంగ లేఖతోనే పడగొట్టారు. గిట్టనివాళ్ళు ఆయన ముద్ర భద్రపరిచే వాణ్ణి వశపరచుకొని, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారని, ఆ ఖాళీలో ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని పిలిచినట్లు రాసుకున్నారని చరిత్రకారులు చెబుతారు. ముద్ర నాదే, లేఖ నాది కాదని ఆయన చెప్పినా సుల్తాను మూడవ మహమ్మద్ షా వినలేదు. 1481లో మరణశిక్ష వేయించాడు. ఆయన పోయాక బహమనీ రాజ్యమూ ఎంతో కాలం నిలవలేదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టే అధికారులూ, పెట్టించుకునే పిల్లలూ ఈ కథ ఒకసారి తలచుకోవాలి.

మరి "నువ్వే రాసుకురా" అంటే ఏమనాలి? కటువుగా కాదనక్కరలేదు. "సార్, లేఖ నేను రాస్తే స్కూలువాళ్ళు ఒప్పుకోరు. మీకు శ్రమ తగ్గేలా వివరాలన్నీ ఒక పేజీలో రాసి ఇస్తాను. మాటలు మాత్రం మీవే ఉండాలి" అనండి. ఆ పేజీలో ఏముండాలి? మీరు ఏ నెల నుంచి ఆయన దగ్గర పనిచేస్తున్నారు, కలిసి చేసిన మూడు నాలుగు పనులు, వాటి ఫలితాలు అంకెల్లో, ఆయన మిమ్మల్ని సరిదిద్దిన సందర్భం, ఏ స్కూలు, ఏ కోర్సు, ఎందుకు, ఆఖరు తేదీ ఎప్పుడు. ఇవి జ్ఞాపకాలకు ఊతం మాత్రమే. పొగడ్తలు అందులో రాయకండి, అవి రాయడం ఆయన పని.

లోపం గురించి రాస్తే సీటు పోతుందేమోనని కొందరు అధికారులు ఆ ప్రశ్నను తప్పించి, "ఇతనికి లోపాలే లేవు" అనో, "అతిగా కష్టపడతాడు" అనో రాస్తారు. అది మేలు చేయదు. చదివేవారు లోపం కోసం వెతకడం లేదు. చెబితే వినే మనిషా, కాదా అని చూస్తున్నారు. నిజమైన లోపం, దాన్ని దిద్దుకున్న తీరు రెండూ రాస్తే ఆ లేఖకు ప్రాణం వస్తుంది.

ఇప్పుడు అడిగే పద్ధతి. అమెరికా స్కూళ్ళలో దరఖాస్తు గడువులు ఎక్కువగా సెప్టెంబరులో ఒకటి, జనవరిలో ఒకటి ఉంటాయి. కనీసం రెండు నెలల ముందు అడగండి. వీలైతే ఎదురుగా కూర్చొని అడగండి. అడిగేటప్పుడు ఆయనకు కాదనే వీలు కూడా ఇవ్వండి. "సార్, నా పని గురించి బలంగా, ఉదాహరణలతో రాయగలనని మీకు అనిపిస్తుందా?" అనండి. ఆయన ఒక్క క్షణం తటపటాయిస్తే అర్థం చేసుకొని, కృతజ్ఞతలు చెప్పి లేచి రండి. మనసులేని లేఖకంటే మర్యాదగా కాదన్న మాట మేలు.

లేఖ ఇప్పుడు కాగితం మీద కాక, స్కూలు నుంచి రాసేవారికి నేరుగా వచ్చే ఇ-మెయిల్ లింకు ద్వారా పోతుంది. కాబట్టి ఆయన ఆఫీసు ఇ-మెయిల్ చిరునామా ఒక్కో అక్షరం సరిచూసి ఇవ్వండి. లింకు అనవసర మెయిళ్ళ పెట్టెలో పడిందేమో చూడమనండి. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి వినయంగా గుర్తుచేయండి. ఆఖరి రాత్రి కరెంటు, నెట్‌వర్కు మన చేతిలో ఉండవు కదా. ఆ లేఖను తరువాత చూసే హక్కు వదులుకుంటారా అని దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. 1974 నాటి అమెరికా చట్టం విద్యార్థులకు ఇచ్చిన హక్కు అది. చాలామంది వదులుకుంటామనే రాస్తారు. తెర వెనుక చెప్పిన మాటకు నమ్మకం ఎక్కువ.

ఫలితం వచ్చాక, అది ఏదైనా సరే, రాసినవారికి స్వయంగా చెప్పండి. ఒక్క లేఖతో సీటు రాదు. మార్కులు, వ్యాసం, ఇంటర్వ్యూ అన్నీ కలిసి రావాలి. నేను చెప్పిన అబ్బాయికి మొదటి ఏడాది రాలేదు. ఇంచార్జి గారు రెండవ ఏడాది మళ్ళీ రాశారు, ఆ మధ్య ఏడాదిలో అతను చేసిన పని కూడా చేర్చి. అప్పుడు వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక మాట. "మనకు పెద్దవాళ్ళెవరూ తెలియదు, మన పిల్లలకు అలాంటి స్కూళ్ళు ఎందుకు?" అని వెనక్కి తగ్గకండి. ఈ ఒక్క లేఖ దగ్గర పెద్దవాళ్ళ పరిచయం లేకపోవడం నష్టం కాదు. పిల్లవాడి పనిని చూసిన ఒక్క నిజాయితీపరుడు తెలిసి ఉంటే చాలు.

అధికారుల స్థానంలో ఉన్న శ్రోతలకు కూడా ఒక మాట. మీ దగ్గర పనిచేసే కుర్రవాడు ఈ లేఖ కోసం వస్తే, ఒక ఆదివారం మధ్యాహ్నం అతనికి ఇవ్వండి. మీ మాటల్లో, మీకు వచ్చిన భాషా పటిమతో, మీరు చూసింది చూసినట్లు రాయండి. రాయలేననిపిస్తే ముందే చెప్పండి. రెండూ అతనికి చేసే మేలే.

ఇంకా దరఖాస్తు ఆలోచన లేని చిన్న ఉద్యోగులు చేయవలసింది ఒకటుంది. ప్రతి నెలా చేసిన పని, వచ్చిన ఫలితం, విన్న మందలింపు ఒక డైరీలో నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి. రేపు ఏ స్కూలుకు వెళ్ళినా, వెళ్ళకపోయినా, మీ పనికి మీరే మొదటి సాక్షి.